చురుక్కుమనని సబ్బు

భూమ్మీద ఉన్న రసాయన శాస్త్రవేత్తలందరినీ త్రాసులో ఒక పళ్ళెంలో కూర్చోబెట్టి, రెండో పళ్ళెంలో నాలుకమ్మ నాలుక ఒక్కటే పెడితే, శాస్త్రవేత్తలు కళ్ళద్దాలతో సహా గాల్లోకి లేస్తారు. గాజు గొట్టాలు ముందేసుకుని వాళ్ళు పూటంతా తేల్చేది ఆమె రెప్పపాటులో తేల్చి, పక్కన ఉమ్మేసి, కొంగుతో మూతి తుడుచుకునేది. ఈ మాట రాస్తున్నది ఆమె మనవరాలు కాబట్టి కోతలు కొంచెం ఎక్కువే ఉంటాయి. పైగా ఆ మనవరాలు తొమ్మిదో తరగతి సగంలో బడి మానేసింది. బడే దాన్ని మానుకుందని నాలుకమ్మ అంటుంది. అందుచేత శాస్త్రం తక్కువైన చోట చదివేవాళ్ళే సర్దుకోవాలి.

నాలుకమ్మకి అమ్మానాన్నలు పెట్టిన పేరు వేరే ఉంది. సబ్బుల కార్ఖానాలో దాన్నెవరూ వాడరు. నలభై ఏళ్ళ కిందట ఆమె అక్కడ సబ్బులకి కాగితాలు చుట్టే పనిలో చేరింది. కాగితాలు ఒకదానికొకటి అంటుకుపోతాయి గనక, చుట్టేవాళ్ళంతా వేలు నాలుక మీద తడి చేసుకుని ఒక్కో కాగితం లాగుతారు. చేరిన మూడో వారంలో ఒకరోజు ఆమె వేలు నాలుకకి తాకగానే చీమ కుట్టినట్టు చురుక్కుమంది. ఇంకోసారి తాకించింది. మళ్ళీ చురుక్కుమంది. లేచి పెద్ద యజమాని దగ్గరికి వెళ్ళింది.

"అయ్యా, ఈ పూట సబ్బు కరుస్తోంది."

"కరవడానికి అదేమన్నా కుక్కా? పోయి పని చూసుకో" అన్నాడాయన.

ఆ సాయంత్రం ఆయన అదే సబ్బుతో స్నానం చేశాడు. మర్నాడు చొక్కా వేసుకోకుండా, ఒళ్ళంతా కొబ్బరినూనె పూసుకుని వచ్చి, కాగితాల బల్ల ముందు నిలబడి, "అమ్మాయ్, కరిచింది" అన్నాడు. ఆ రోజుతో ఆమె కాగితాలు పోయాయి. గంగాళం దగ్గర చోటు దొరికింది.

గంగాళమంటే మనిషి కూర్చుంటే భుజాల దాకా మునిగేంత ఇనుప పాత్ర. అందులో నూనె పోసి, కాస్టిక్ సోడా కలిపిన నీళ్ళు పోసి, తెడ్డుతో కలుపుతూ గంటల తరబడి ఉడికిస్తారు. ఒక్కోసారి ఉడికినదాన్ని ఒక వాయి అంటారు. వాయి దిగే ముందు నాలుకమ్మ కొంచెం ముద్ద తీసి, చల్లార్చి, తడివేలితో రుద్ది, ఆ వేలు నాలుక కొసకి తాకించాలి. చురుక్కుమంటే కాస్టిక్ ఇంకా మిగిలి ఉన్నట్టు. ఏమీ అనకపోతే సబ్బు సబ్బయినట్టు. ఆమె తలూపితేనే వాయి అచ్చుల్లోకి దిగుతుంది.

ఇంత తంటా దేనికి, కాటా మీద తూచి పోసుకోవచ్చు కదా అని మనవరాలు ఒకసారి అడిగింది.

"కాస్టిక్ డబ్బా మూత తీశాక అది గాల్లో తడి తాగుతూనే ఉంటుంది. ఇవాళ్టి కిలో రేపటికి కిలో కాదు. నూనె కూడా అంతే, పీపాకో బుద్ధి. కాటాకి బరువు తెలుస్తుంది గానీ బుద్ధి తెలుస్తుందా?"

"అసలు రెండూ కలిస్తే ఏమవుతుందో తెలుసా అమ్మమ్మా? నూనెలో ఆమ్లం ఉంటుంది. కాస్టిక్ క్షారం. ఆమ్లం, క్షారం కలిస్తే లవణం పుడుతుంది. సబ్బు కూడా ఒక లవణమే."

"నలభై ఏళ్ళుగా చూస్తున్నాను, నూనెలో పులుపు నాకెప్పుడూ తగల్లేదు."

"అది లోపల దాక్కుని ఉంటుంది. కాస్టిక్ వచ్చి బయటికి లాగి, దాంతో జతకడుతుంది."

"మీ బడిలో అన్నీ దాక్కునే ఉంటాయి, నీ మార్కుల్లాగే" అంది నాలుకమ్మ.

కానీ ఆ మాట ఆమెకి నచ్చింది. కరిచేది ఒకటి, జిడ్డుగా పట్టుకునేది ఒకటి, రెండూ కలిసి రెండింటి గుణమూ లేని మూడోదాన్ని కంటాయి. కాస్టిక్ మిగిలితే కరుస్తుంది. నూనె మిగిలితే సబ్బు జావలా మెత్తబడుతుంది. ఆ రెండింటి మధ్య ఉన్న సన్నటి గట్టు మీద ఆమె నలభై ఏళ్ళు నడిచింది, అదీ నాలుకతో.

ఈ వేసవిలో ఆమెకి పదిహేను రోజులు జ్వరం వచ్చింది. జ్వరం తగ్గింది. ఆ తరవాత ఇంట్లో కూరల్లో ఉప్పు పెరిగింది. బస్సు కండక్టరుగా పనిచేసే కూతురు రెండు ముద్దలు తిని, రెండు గ్లాసుల నీళ్ళు తాగి, పల్లెత్తు మాట అనకుండా డ్యూటీకి వెళ్ళిపోయేది. తల్లి వంటకి వంక పెట్టే అలవాటు ఆ ఇంట్లో లేదు. మనవరాలికి ఆ మర్యాద కూడా లేదు గానీ, దానికి వేరే ఆలోచన వచ్చింది. ఉప్పుతో తినిపిస్తున్నావు కదా, ఉప్పుతో తాగు అని, ఒక పండగ సెలవురోజు పొద్దున అమ్మమ్మ టీలో పంచదార బదులు రెండు చెంచాల ఉప్పు వేసి ఇచ్చి, తలుపు పక్కన నక్కి నిలబడింది.

నాలుకమ్మ టీ ఊదుకుంటూ గ్లాసు ఖాళీ చేసింది. "ఇవాళ బాగా కుదిరిందే" అంది.

పుట్టి బుద్ధెరిగాక మనవరాలికి దక్కిన మొదటి మెప్పు అది. నవ్వు ఆపుకోవడానికి నోటికి అడ్డం పెట్టుకున్న చెయ్యి అలాగే ఉండిపోయింది. ఆ ముఖం చూశాక నాలుకమ్మకి వేరే చెప్పనక్కర్లేకపోయింది. గ్లాసు అడుగున కరగని ఉప్పు కొంచెం ఉంది. ఆమె దాన్ని వేలితో తీసి నాలుక మీద పెట్టుకుని, కాసేపు కళ్ళు మూసుకుని కూర్చుంది. ఇసుక పెట్టుకున్నట్టుంది.

"ఎన్నాళ్ళ నుంచే అమ్మమ్మా?"

"జ్వరం నుంచి. ఉప్పూ లేదు, పులుపూ లేదు."

"మరి అక్కడ... సబ్బు చురుక్కు?"

నాలుకమ్మ గ్లాసు కడుక్కొచ్చి బోర్లించింది. చీర కుచ్చిళ్ళు సర్దుకుంది. చివరికి, "అదీ లేదు" అంది.

తేలు కుట్టిన దొంగలా ఆమె అప్పటికి మూడు నెలలు గడిపింది. రోజూ వేలు తడిచేసి, నాలుకకి తాకించి, తలూపింది. అయితే కరిచే సబ్బు ఒక్కటీ గుమ్మం దాటనివ్వలేదు. ప్రతి వాయిలోనూ ఎవరూ చూడకుండా నాలుగు డబ్బాల నూనె అదనంగా పోసింది. అంత నూనె ఉంటే కాస్టిక్ ఒక్క పలుకు కూడా మిగలదు. కానీ సబ్బులు మెత్తబడ్డాయి. సబ్బుపెట్టెలో పెడితే మూడో రోజుకి ముద్ద. కొట్లవాళ్ళు పెద్ద యజమాని కొడుకు, ఇప్పుడు కార్ఖానా నడిపే చిన్న యజమాని మీద పడ్డారు. ఆయన నూనె వ్యాపారిని మార్చాడు. తరవాత వచ్చినవాణ్ణీ మార్చాడు. అచ్చులు ఆరే గదికి కొత్త కిటికీ కొట్టించాడు. పాపం, అడగాల్సిన మనిషి పక్కనే తెడ్డు పట్టుకుని నిలబడి ఉంటే, ఆయన మబ్బుల్ని తిట్టుకున్నాడు.

ఇప్పుడు పీకల మీదికి వచ్చింది. కాన్పుల ఆసుపత్రి వాళ్ళు అప్పుడే పుట్టిన పిల్లలకి నీళ్ళుపోయడానికి సబ్బులు అడిగారు. గట్టిగా ఉండాలి, ఒంటికి మెత్తగా ఉండాలి. "మా నాలుకమ్మ తలూపితే గానీ బయటికి పంపం" అని చిన్న యజమాని వాళ్ళకి గొప్పగా చెప్పి వచ్చాడు. వాయి వచ్చే గురువారం.

"నూనె ఎక్కువ పోస్తే జావ. తక్కువ పోస్తే కరుస్తుందో లేదో నాకు తెలీదు" అంది నాలుకమ్మ. "పెద్దవాళ్ళయితే చురుక్కుమనగానే కడిగేసుకుంటారు, తిట్టుకుంటారు. పసిగుడ్డు ఏం చెప్తుంది? ఏడుస్తుంది. ఆకలనుకుంటారు."

"నిజం చెప్పెయ్యి ఆయనకి."

"చెప్తే కాగితాల బల్ల దగ్గర కూర్చోబెడతాడు. మంచివాడు గనక కుర్చీ కూడా వేయిస్తాడు." ఆమె చేతులు చూసుకుంది. "గంగాళం దగ్గర ఇంకొకళ్ళు నిలబడితే, కూర్చుని చూడగలనా నేను?"

"పోనీ నా నాలుక ఉంది కదా. వాయికోసారి నేనొచ్చి..."

నాలుకమ్మ దాని నోటి మీద చెయ్యి వేసి మూసేసింది. గట్టిగానే మూసింది.

"ఈ ఇంటి నుంచి ఆ గంగాళానికి ఒక్క నాలుక ఇచ్చాం. చాలు."

జ్వరం ఒక్కటే కాదని ఆమెకి తెలుసు. నాలుక కొస పది పన్నెండేళ్ళుగా మొద్దుబారుతూ వచ్చింది. జ్వరం వచ్చి మిగిలిందాన్ని ఊడ్చుకుపోయింది.

మనవరాలు ఆ పూటంతా అటకెక్కి పాత పుస్తకాలు దులిపింది. రెండు రోజుల తరవాత పసుపు కలిపిన నీళ్ళలో ముంచి ఆరబెట్టిన కాగితం ముక్కలు పట్టుకుని, దండయాత్రకి వెళ్ళినట్టు కార్ఖానాకి వెళ్ళింది. పసుపు కాగితం క్షారం తగిలితే ఎర్రబడుతుందని పుస్తకంలో ఉంది. తడిపి ఒక సబ్బుకి అంటించింది. ఎర్రబడింది. ఇంకోదానికి అంటించింది. అదీ ఎర్రబడింది. వరసగా ఎనిమిది ఎర్రబడ్డాక అది గంగాళం దగ్గరికి పరుగెత్తింది.

"అమ్మమ్మా, అన్నీ విషమే."

నాలుకమ్మ నడుం పట్టుకుని నవ్వింది. మూడు నెలల్లో ఆమె నవ్వడం అదే మొదలు. "పసుపు మరక మీద సబ్బు పడితే ఎర్రబడుతుందని బట్టలుతికే ప్రతి ఆడదానికీ తెలుసే. మంచి సబ్బుకీ ఎర్రబడుతుంది, చెడ్డదానికీ ఎర్రబడుతుంది. నీ కాగితం అందరినీ దొంగలే అంటోంది."

అది నిజమే. మంచి సబ్బు కూడా కొంచెం క్షారం వైపే ఉంటుంది. పసుపుకి కొంచెమూ ఒకటే, బోలెడూ ఒకటే. ఆ సంగతి పుస్తకంలో తరవాతి పేజీలో ఉంది. మనవరాలు ఆ పేజీ అప్పట్లో పడవ చేసింది.

అయితే నవ్వు ఆగాక నాలుకమ్మ ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "రంగు మారడం బాగానే ఉంది. అవునో కాదో చెప్పేది కాదు, ఎంతో చెప్పేది కావాలి. అలాంటిదేమన్నా ఉందా మీ బడిలో?"

"ఎర్ర పూల రసాలు రెండు మూడు రంగులు మారతాయని చెప్పారు."

కార్ఖానా గేటు పక్కన మందార మొక్క ఉంది. ఆదివారం పనివాళ్ళెవరూ లేని పూట అమ్మమ్మా మనవరాలూ తాళం తీసుకుని వెళ్ళారు. వేడినీళ్ళలో మందార రేకలు వేస్తే నీళ్ళు ముదురు ఊదారంగులోకి దిగాయి. నాలుకమ్మ కొత్త కాస్టిక్ డబ్బా మూత తీసి, చేతులకి రబ్బరు తొడుగులు వేసుకుని, మూడు చిన్న గిన్నెల్లో మూడు సబ్బులు ఉడికించింది. నూనె మూడింట్లోనూ ఒకటే. కాస్టిక్ మాత్రం మొదటిదాంట్లో తక్కువ, రెండోదాంట్లో సరిగ్గా, మూడోదాంట్లో బాగా ఎక్కువ. మనవరాలు కాస్టిక్ గిన్నెలోకి నీళ్ళు వంచబోతే వేలు చూపించి ఆపింది.

"నీళ్ళలో కాస్టిక్ వెయ్యాలి. కాస్టిక్ మీద నీళ్ళు పోశావో, భగ్గున లేచి మొహం మీద పడుతుంది. కాపురంలో కూడా అంతే, ముందు చల్లటి మనిషి ఉండాలి."

"తాతయ్య చల్లటి మనిషా?"

"నేనే చల్లటి మనిషిని. నోర్మూసుకుని కలుపు."

మూడు సబ్బుల్లోంచీ ఒకే సైజు ముక్కలు కోసి, ఒకే కొలత నీళ్ళలో కరిగించి, పది చుక్కల మందార నీళ్ళు వేశారు. మొదటిదీ రెండోదీ ఆకుపచ్చ అయ్యాయి. మూడోది ఆకుపచ్చ అయినట్టే అయి, ఆ పైన లేత పసుపులోకి తిరిగింది. నాలుకమ్మ మూడు గాజు గ్లాసుల్నీ కిటికీ గట్టు మీద పెట్టి, వెలుతురులో చాలాసేపు చూసింది. మొదటి సబ్బుని వేలితో నొక్కి చూసింది. మెత్తగా ఉంది, నూనె మిగిలింది. రెండోది గట్టిగా ఉంది. గట్టిదనం చెప్పడానికి వేళ్ళున్నాయి. చురక చెప్పడానికి ఇప్పుడు ఈ పువ్వు.

ఆమె గ్లాసులు చూస్తుండగా మనవరాలు ఊరుకుంటుందా? నాలుకమ్మ నలభై ఏళ్ళు తిన్న చురక ఎలా ఉంటుందో చూద్దామని మూడో సబ్బు మీద తడివేలు రుద్ది నాలుకకి తాకించింది. మరుక్షణం గెంతింది. చీమ కాదు, చీమల పుట్ట. పుస్తకం గుర్తొచ్చి, క్షారానికి ఆమ్లం విరుగుడని నిమ్మకాయ కోసం సంచిలో చెయ్యి పెట్టింది. నాలుకమ్మ ఆ చేతి మీద ఒక్కటిచ్చి, దాన్ని కుళాయి కిందికి వంచింది.

"కాలిన చోట పులుపు పోస్తావుటే? నీళ్ళు. ఉమ్ము. మళ్ళీ పుక్కిలించు. ఇంకా."

పావుగంట పుక్కిలించాక మంట తగ్గింది. నాలుకమ్మ దాని గడ్డం పట్టుకుని నోరు తెరిపించి, కొస నుంచి మొదలు దాకా చూసి, అప్పుడు గానీ వదల్లేదు. వదిలాక గోడకి ఆనుకుని కూర్చుంది. ఆమె కళ్ళు తడిగా ఉన్నాయి. కాస్టిక్ ఘాటు అంది.

గురువారం వాయి దిగే వేళకి ఆమె చిన్న యజమానిని గంగాళం దగ్గరికి పిలిచింది. ఆయన చిన్నప్పుడు ఆ అచ్చుల మధ్యే ఆడుకునేవాడు. జారిపడితే ఎత్తుకున్నది ఈమే.

"బాబూ, నా నాలుక పనిచెయ్యడం లేదు. మూడు నెలలైంది."

ఆయన మొదట నవ్వాడు. తరవాత నవ్వడం మానేశాడు. "మూడు నెలలా? రోజూ తలూపావు కదా పెద్దమ్మా."

"ఊపాను. తప్పు చేశాను. కరుస్తుందేమోనని నూనె ఎక్కువ పోస్తూ వచ్చాను."

"అంటే సబ్బులు మెత్తబడింది..."

"నా వల్లే."

"నేను ఇద్దరు నూనె వ్యాపారుల్ని తరిమేశాను."

"రెండోవాడు మాత్రం వెధవే" అంది నాలుకమ్మ. "మొదటివాణ్ణి పిలిపించు. నేనే చెప్తాను వాడికి."

ఆయన స్టూలు లాక్కుని కూర్చున్నాడు. "ఆసుపత్రి వాళ్ళకి నీ పేరు చెప్పి వచ్చాను. ఇప్పుడేం చెయ్యమంటావు? నువ్విక్కడ ఉండి ఇంకేం..." అని మధ్యలో ఆపేశాడు. ఆ ఆగిన మాట ఏమిటో ఆమెకి తెలిసింది. వారం రోజులుగా ఆమె నిద్రని తింటున్నది అదే మాట.

ఆమె ఇవాళ అదనపు నూనె ఒక్క డబ్బా కూడా పొయ్యలేదు. వాయిని నాలుగు అచ్చుల్లోకి దింపించి, సాయంత్రానికి గట్టిపడ్డాక ఒక్కో అచ్చులోంచి ముక్క కోసి, నాలుగు గ్లాసుల్లో కరిగించి, మందార నీళ్ళు పోసింది. ఒకటి ఆకుపచ్చ. రెండు ఆకుపచ్చ. మూడు ఆకుపచ్చ. నాలుగోది పసుపు.

గుమ్మంలో నిలబడ్డ మనవరాలు ఒక్క అంగలో లోపలికి వచ్చింది. నాలుకమ్మ మాత్రం నాలుగో అచ్చు సబ్బు తీసుకుని, పాత అలవాటు ప్రకారం వేలు తడిచేసి, రుద్ది, నాలుకకి తాకించింది. ఎవరో పిలుస్తారని తలుపు దగ్గర చెవి పెట్టినట్టు కదలకుండా నిలబడింది. ఏమీ రాలేదు. కొంగుతో నాలుక తుడుచుకుని, నోరు పుక్కిలించి వచ్చింది.

"ఇది కరుస్తుంది బాబూ" అంది.

"నీకు తెలిసిందా?"

"లేదు. గ్లాసు చెప్తోంది."

ఆయన గ్లాసు ఎత్తి చూశాడు. "ఒకే గంగాళం కదా. మూడు మంచివై ఇదొక్కటే ఎందుకిలా అయింది?"

"నాలుగో అచ్చులోకి పడింది అడుగు ముద్ద. గంగాళం అడుగున వెనక మూలకి తెడ్డు అందలేదు, నేను కొత్తగా నూనె తగ్గించానన్న బెంగలో పైపైనే కలిపాను. అక్కడ కాస్టిక్ పేరుకుంది. దీన్ని మళ్ళీ గంగాళంలో వేసి, డబ్బాడు నూనె పోసి, అడుగంటా కలిపి గంటన్నర ఉడికిస్తే సరిపోతుంది. పారెయ్యక్కర్లేదు."

చిన్న యజమాని గ్లాసు కింద పెట్టాడు. లేచి వెళ్ళి, గోడకి ఆనించి ఉన్న తెడ్డు తెచ్చి ఆమె చేతికిచ్చాడు. "పొయ్యి నేను రాజేస్తాను" అన్నాడు. వీపు ఇటు తిప్పుకునే, "మూడు నెలలు ఒక్కదానివే మోశావు. ఒక్క మాట చెప్తే నేనేమన్నా తినేస్తానా పెద్దమ్మా?" అన్నాడు.

"చిన్నప్పుడు సబ్బే తిన్నావు. నిన్ను నమ్మేదెలా?" అంది ఆమె, తెడ్డు అడుక్కి దింపుతూ.

ఆసుపత్రికి సబ్బులు శనివారం వెళ్ళాయి, నాలుగో అచ్చువి కూడా. మళ్ళీ ఉడికాక వాటి గ్లాసు కూడా ఆకుపచ్చకే తిరిగింది. ఇప్పుడు కార్ఖానా కిటికీ గట్టు మీద రోజూ గాజు గ్లాసులు ఉంటాయి. కాగితాల బల్ల దగ్గర ఎవరూ వేలు నాలుకకి తాకించకుండా తడి స్పాంజి పెట్టించింది నాలుకమ్మ. మందారం పూయని రోజుల కోసం రేకలు ఎండబెట్టి డబ్బాలో దాస్తోంది.

ఇదంతా రాసి మనవరాలు ఆమెకి చదివి వినిపించింది. ఆమె బియ్యంలో రాళ్ళు ఏరుతూ, మధ్యలో ఎక్కడా ఆపకుండా విన్నది. చివర్లో ఒక మంచి మాట ఉంటే బాగుంటుందని మనవరాలు అడిగింది, "ఇన్నేళ్ళ రుచి పోయింది కదా అమ్మమ్మా, నీకు బాధగా ఉండదూ?"

నాలుకమ్మ చేట పక్కన పెట్టింది.

"ఇప్పుడు ఇంట్లో వంట నువ్వే చేస్తున్నావు కదే. పోయింది గనక బతికిపోయాను."